పాత హైబ్రిడ్ ఎస్‌యూవీతో కొండల మీదుగా సముద్రతీరానికి

పెట్రోలు ఇంజనూ, విద్యుత్ మోటార్లూ కలిసి నడిపే హైబ్రిడ్ బండిని వాడినది కొన్నవారిని ఎవరైనా మొదట అడిగేది పెద్ద బ్యాటరీ సంగతే. మా 2019 మోడల్ టయోటా రావ్4 హైబ్రిడ్‌లో కొండప్రాంతం మీదుగా తీరం దాకా వెళ్లివచ్చాక, దారిలో కనిపెట్టుకుని ఉండవలసినవి ఎవరూ పట్టించుకోని చిన్న భాగాలేనని నాకు అనిపించింది. ఈ బండిలో స్టార్టరు, ఆల్టర్నేటరు, క్లచ్ విడిగా లేవు. వెనుక చక్రాలకు సొంత మోటారు ఉండటంతో ముందు నుంచి శక్తిని మోసుకొచ్చే పొడవాటి షాఫ్టు కూడా లేదు. లేని భాగం చెడిపోదు కదా!

బ్రేకు వేసినప్పుడల్లా మోటార్లు ఆ వేగాన్ని విద్యుత్తుగా మార్చి బ్యాటరీని నింపుతాయి. హైవే మీద ఆ అవసరం తక్కువ కాబట్టి, ఊళ్లలో ఆగుతూ సాగుతూ వెళ్లినప్పటి మైలేజీ అక్కడ ఆశించకూడదు.

ఘాట్ రోడ్డు దిగుడులో అసలు పరీక్ష ఎదురైంది. సగం దిగేసరికే బ్యాటరీ నిండిపోయి, ఇక విద్యుత్తును దాచుకునే చోటు లేక, వేగాన్ని అదుపు చేయడానికి ఇంజన్ దానంతటదే గట్టిగా తిరగసాగింది. కొత్తవారు ఆ మోతకు కంగారు పడతారు గానీ అది లోపం కాదు. గేరు లివరును, ఇంజన్ ద్వారా వేగం తగ్గించే ఎస్ మోడ్‌లో పెట్టి దిగితే బ్రేకులు అంతగా వేడెక్కవు.

కొండమీది బసలో గదులు, ఆతిథ్యం ఎంతో బాగున్నా, బండి నిలిపే చోట నీడ లేకపోవడం పెద్ద లోటు, ఎందుకంటే ఎండ బ్యాటరీకి పడదు. తీరంలోని బసకు కప్పు ఉన్న షెడ్డు ఉంది, కానీ ఉప్పుగాలికి రాత్రికి రాత్రే బ్రేకు డిస్కులపై తుప్పు పొర పట్టి, పొద్దున్నే గరగరమని చప్పుడు చేసింది. మోటార్లే వేగాన్ని తగ్గించే ఈ బండ్లలో ప్యాడ్లు చాలాకాలం మన్నుతాయి. అవి అరిగేలోపే, ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపర్ జరిగే పిన్నులు బిగుసుకుపోవచ్చు కనుక, ఏటా విప్పి గ్రీజు పెట్టించాలి. పన్నెండు ఓల్టుల చిన్న బ్యాటరీ నీరసిస్తే, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి మేల్కోదు. అందుకే, మరో బండి బ్యాటరీ నుంచి కరెంటు అందించే జంపర్ కేబుళ్లున్న బసకు నేను మార్కులు ఎక్కువ వేస్తాను.

సర్వీసు విషయంలో దారిపక్క మెకానిక్కులు టైర్లకు, ఇంజన్ ఆయిలుకు నమ్మదగినవారే. అయితే ఒకచోట బ్యాటరీ కరెంటును మోటార్లకు తగినట్టు మార్చే ఇన్వర్టరుకు విడిగా ఉండే కూలెంటు (చల్లబరిచే ద్రవం) డబ్బాలో చేతికందిన రకం పోయబోతే వద్దని ఆపాను. మరో పట్టణంలోని హైబ్రిడ్ వర్క్‌షాపులో, వెనుక సీటు కింద బ్యాటరీ ఫ్యానుకు గాలి వెళ్లే జాలీని తీసి చూపించారు. పాత యజమాని కుక్క వెంట్రుకలు, దుమ్ము కలిసి బూడిదరంగు దళసరి పొరలా పేరుకుపోయాయి. శుభ్రం చేశాక ఫ్యాను మోత తగ్గింది. ఆ జాలీకి సంచులు అడ్డం పెట్టవద్దని వారు చెప్పడంతో సామాను మళ్లీ సర్దుకున్నాము. తిరుగు ప్రయాణంలో బండిని లిఫ్టుపై ఎక్కించి, వెనుక మోటారుకు వెళ్లే నారింజరంగు కేబుల్ కనెక్టరునూ చూపించుకున్నాను. రోడ్లపై ఉప్పు చల్లే మంచు ప్రాంతాల్లో, ఈ తరం బండ్లలో అది తుప్పు పట్టిన సందర్భాలున్నాయి. మాది శుభ్రంగానే ఉంది.