రేకుల షెడ్డులో ఎనిమిదేళ్లు: చెక్క జిగుర్లు, పాలిష్ గన్లపై ఒక వాడకందారు సమీక్ష

విజయవాడ శివార్లలోని మా ఇంటి వెనుక 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవున్న రేకుల షెడ్డు ఒకటి ఉంది. ఎనిమిదేళ్లుగా ఆదివారాలూ సెలవు రోజులూ అందులో చెక్కపని చేస్తున్నాను. వడ్రంగం నా వృత్తి కాదు. అయినా ఇన్నేళ్లలో రెండు భోజనాల బల్లలు, ఒక మంచం, మూడు పుస్తకాల అలమరలు, ఒక పూజామందిరం, లెక్కపెట్టనన్ని పీటలు తయారయ్యాయి. వాటితోపాటు ఖాళీ అయిన జిగురు డబ్బాలు, పాలిష్‌ను తుంపరగా చల్లే గన్లలో పాడైనవి కూడా మిగిలాయి కనుక, వాటి గురించి కొంత అధికారంతోనే మాట్లాడగలనని అనుకుంటున్నాను.

జిగురు కొనేటప్పుడు ఎవరైనా మొదట అడిగేది "ఏది గట్టిగా పట్టుకుంటుంది?" అని. నేనూ అదే అడిగేవాడిని. చిత్రిక పట్టి నునుపు చేసిన రెండు టేకు ముక్కల అంచులను మంచి తెల్ల జిగురుతో అతికించి, ఒక రోజు ఆరనిచ్చి, సుత్తితో కొట్టి విరిచి చూడండి. విరిగేది ఎక్కువసార్లు అతుకు దగ్గర కాదు, దాని పక్కనున్న చెక్కే. చెక్కలో పీచుకూ పీచుకూ మధ్య ఉండే పట్టు కన్నా ఆ జిగురు బలం ఎక్కువ. పేరున్న ఏ డబ్బా తీసుకున్నా ఇది నిజమే కాబట్టి, బలాన్ని బట్టి ఎంచుకోవడంలో అర్థం లేదు. ఎంచుకోవలసింది అది మనకిచ్చే సమయాన్ని బట్టి, ఆ వస్తువుకు తగిలే తడిని బట్టి.

సమయం సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. తెల్ల జిగురు, పసుపు జిగురు అని మనం పిలిచేవన్నీ పాలీవినైల్ అసిటేట్ జాతికి చెందినవి. వాటిలోని నీరు కొంత చెక్కలోకి ఇంకి, కొంత గాలిలో కలిసిపోయినప్పుడు అవి గట్టిపడతాయి. డబ్బా మీద రాసే "పూసిన తర్వాత పది నిమిషాలు" వంటి లెక్కలు మామూలు గది వేడిలో తీసినవి. మే నెలలో మా షెడ్డులో రేకుల కింద 43 డిగ్రీలు దాటుతుంది, చెక్క కూడా ఎండి నీటి కోసం కాచుకుని ఉంటుంది, అప్పుడు ఆ పది నిమిషాలు నాలుగైదుకు పడిపోతాయి. మొదటి భోజనాల బల్లకు అయిదు పలకలను ఒకేసారి అతికించబోయాను. అయిదో పలకకు జిగురు పూసేసరికి మొదటి పలక మీద పొర కట్టేసింది. పలకలను నొక్కి పట్టే క్లాంపులు బిగించినప్పుడు అంతా బాగానే కనిపించింది కానీ మూడు నెలలకు రెండు పలకల మధ్య వెంట్రుక వాసి గీత తేలింది. ఆ అతుకును రంపంతో కోసి విడదీస్తే, ఒక పలక అంచున మెరిసే జిగురు పొర, రెండో పలక అంచున ఉత్త చెక్క కనిపించాయి. జిగురు రెండో పలకలోకి దిగనే లేదు.

అప్పటినుంచి వేసవిలో అతికించే పని తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టి ఏడింటికి ముగిస్తున్నాను. ముందు జిగురు లేకుండా అంతా కూర్చి, క్లాంపులు బిగించి, ఎక్కడ ఏ క్లాంపు పడుతుందో చూసుకుని, విప్పి, ఆ వరుసలోనే నేల మీద పేర్చుకుంటాను. ఎన్ని పలకలున్నా రెండేసి చొప్పునే అతికిస్తాను. కాలం చెల్లిన బ్యాంకు కార్డుతో రెండు అంచులకూ పలుచగా పూస్తాను. బ్రష్షు కన్నా ఆ కార్డే మేలు, ఎందుకంటే ఎక్కడ పొర సన్నగా ఉందో చేతికి తెలుస్తుంది.

ఇక డబ్బాల విషయం. ఇంట్లో పొడిగా ఉండే అలమర, మంచం, బల్ల వంటి వాటికి ఫెవికాల్ ఎస్‌హెచ్ చాలు. ఏ ఊళ్లోనైనా దొరకడం, తాజాగా దొరకడం, చౌకగా ఉండడం దాని గొప్పతనం, పాత జిగురు ఎంత మంచి కంపెనీదైనా వ్యర్థమే కదా. సింకు పక్కన, వంటగదిలో, వరండాలో ఉండే వాటికి నీటిని తట్టుకునే రకం కావాలి. మొదట్లో ఈ తేడా పట్టించుకోక, మామూలు తెల్ల జిగురుతో కూరగాయలు తరిగే పలక ఒకటి చేశాను. ఆరు వారాలకు దాని అతుకులు మెత్తబడి జారాయి. లోపలి వాడకానికి చేసిన జిగురును రోజూ నీళ్లలో ముంచితే మరేమవుతుంది? ఇప్పుడు అలాంటి పనులకు ఫెవికాల్ మెరైన్, మరీ ముఖ్యమైన వాటికి టైట్‌బాండ్ 3 వాడుతున్నాను. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం నుంచి వచ్చే ఈ రెండోదాని ధర మన తెల్ల జిగురు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ అదే కంపెనీ మిగతా జిగుర్ల కన్నా ఇది ఆరడానికి కొంచెం ఎక్కువ వ్యవధి ఇస్తుంది, మా ఎండకు ఆ కొంచెమే వరం. ఆరాక గోధుమ రంగుకు తిరుగుతుంది కాబట్టి టేకులో గీత కనిపించదు, మామిడి వంటి లేత రంగు చెక్కల్లో మాత్రం కనిపిస్తుంది. యూరప్ ప్రమాణాల ప్రకారం తయారైన డబ్బాల మీద డీ3, డీ4 అన్న గుర్తులుంటాయి. డీ3 జిగురు అతుకును నాలుగు రోజులు చల్లటి నీటిలో నానబెట్టి పరీక్షిస్తారు, డీ4 అయితే ఆరు గంటలు మరిగే నీటిలో ఉంచి కూడా చూస్తారు. "వాటర్‌ప్రూఫ్" అని పెద్ద అక్షరాలతో రాసిన మాట కన్నా ఈ చిన్న గుర్తునే నేను నమ్ముతాను.

డబ్బాలను షెడ్డులో ఉంచకూడదు. వేడికి జిగురు రెండు వేసవుల్లో చిక్కబడి, తీగలు సాగే స్థితికి వస్తుంది. మావి పడకగదిలో మంచం కింద ఉంటాయి, దీని మీద ఇంట్లో నాకు ఎప్పటికప్పుడు అక్షింతలు పడుతూనే ఉంటాయి.

టేకుకు ఇంకొక గుణం ఉంది. దానిలో సహజంగానే నూనె ఉంటుంది, చిత్రిక పట్టిన అంచును రెండు రోజులు వదిలేస్తే ఆ నూనె పైకి వచ్చి జిగురును పట్టనివ్వదు. చిత్రిక పట్టిన రోజే అతికించడం ఉత్తమం. అది కుదరకపోతే అతికించే ముందు అంచును అసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, అది ఆవిరై పోగానే జిగురు పూస్తాను. నాకు ఈ పద్ధతిలో టేకు అతుకు ఒక్కటీ విడలేదు.

సన్నని పట్టీలను వంచి ఒకదానిపై ఒకటి అతికించి చేసే కుర్చీ చేతుల వంటి పనులకు తెల్ల జిగురు పనికిరాదు. ఆరిన తర్వాత కూడా నిరంతరం లాగుతూ ఉండే ఒత్తిడికి అది మెల్లమెల్లగా సాగుతుంది, వంపు కొద్దికొద్దిగా విప్పుకుంటుంది. అక్కడ రెండు గొట్టాల్లోనివి కలిపి వాడే ఎపాక్సీ జిగురే దిక్కు, అదీ అయిదు నిమిషాల రకం కాకుండా రాత్రంతా ఆరేది. అతుకులో సందు మిగిలినప్పుడు కూడా ఎపాక్సీలో సన్నటి రంపపు పొట్టు కలిపి నింపుతాను. అలా కలుపుతున్నప్పుడల్లా మాకు దగ్గరలోనే ఉన్న కొండపల్లి గుర్తుకు వస్తుంది. అక్కడి బొమ్మల కళాకారులు తెల్ల పొణికి కర్రతో చెక్కిన చేతులు, కాళ్లను ఒంటికి అతికేది చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కుతోనే. సందు నింపుతూనే అతుకు వేసే ఆ సూత్రాన్ని మనం కొత్త రసాయనంతో చేస్తున్నాం, అంతే. సన్‌మైకాకు వాడే రబ్బరు జిగురు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: రెండు వైపులా పూసి, చేతికి అంటకుండా ఆరాక మాత్రమే అదమాలి, ఆ తర్వాత సరిచేసుకునే అవకాశం ఉండదు.

జిగురుకూ పాలిష్‌కూ మధ్య ఒక చిక్కుముడి ఉంది. అతుకు నుంచి బయటికి పొర్లిన జిగురును తడిగుడ్డతో తుడిస్తే అది పలుచనై చెక్క రంధ్రాల్లోకి దిగుతుంది, అక్కడ పాలిష్ ఇంకక తెల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ పాలిష్ చల్లే దాకా కనిపించదు, కనిపించాక చేయగలిగేది లేదు. అందుకే పొర్లిన జిగురు సుమారు అరగంటకు రబ్బరులా మారినప్పుడు ఉలితో గీకేస్తాను.

పాలిష్ చల్లడానికి మొదట కొన్నది కరెంటు ప్లగ్గుకు తగిలించి చేత్తో పట్టుకునే రకం, దాని పేరు అనవసరం. గాలిని నొక్కి ట్యాంకులో నింపే కంప్రెసర్ అక్కర్లేకపోవడం, సులువుగా మొదలుపెట్టగలగడం దాని మంచి. కిటికీ తలుపులకు, గేట్లకు రంగు వేయడానికి అది ఇప్పటికీ పనికొస్తోంది. కానీ బల్ల పైభాగం వంటి నునుపు కావలసిన చోట నిరాశపరిచింది. గాలిని తోసే దాని టర్బైన్ ఆ గాలిని వేడెక్కిస్తుంది, మన వేసవికి ఆ వేడి తోడైతే లక్కర్ అనే మెరుపు పూత తుంపరలు చెక్కను చేరేలోపే సగం ఆరిపోయి, ఉపరితలం ఉప్పుకాగితంలా గరుకుగా తయారవుతుంది. దీనికి నెమ్మదిగా ఆరే థిన్నర్ కొంత ఉపశమనం ఇచ్చింది, పూర్తిగా కాదు.

తర్వాత 1 హెచ్‌పీ, 24 లీటర్ల కంప్రెసర్, దానితో ఒక హెచ్‌వీఎల్‌పీ గన్ కొన్నాను. ఇది నేను చేసిన ఖరీదైన పొరపాటు. హెచ్‌వీఎల్‌పీ అంటే ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడి. గన్ మూతి దగ్గర గాలి ఒత్తిడి 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటదు కనుక తుంపర గాలిలో వృథా కాకుండా చెక్క మీదే పడుతుంది. అయితే "ఎక్కువ గాలి" అన్న మాటను నేను పట్టించుకోలేదు. ఆ గన్ నిమిషానికి 10 ఘనపుటడుగులకు పైగా గాలి అడిగేది, నా కంప్రెసర్ ఇచ్చేది 4 కూడా ఉండదు. ఒక అలమర తలుపు సగం అయ్యేసరికి ట్యాంకులో ఒత్తిడి పడిపోయి, తుంపర పెద్దదై, ఉపరితలం నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా వచ్చేది. నెలల తరబడి థిన్నర్ పాళ్లు మార్చి చూశాను, లోపం పాళ్లలో లేనే లేదు. చివరికి తక్కువ గాలితో పనిచేసే ఎల్‌వీఎల్‌పీ గన్ ఒకటి, పైన కప్పు ఉండేది, 1.4 మిల్లీమీటర్ల నాజిల్‌తో తీసుకున్నాను. అయిదేళ్లుగా అదే నా ప్రధాన గన్. గన్ కొనేవారికి నేను చెప్పేది ఒకటే: ముందు మీ కంప్రెసర్ మీద నిమిషానికి ఎంత గాలి అని రాసి ఉందో చూసి, దానిలో ముప్పాతిక వంతుకు సరిపోయే గన్ వెతకండి.

గాలితోపాటు వచ్చే నీరు రెండో శత్రువు. ఆగస్టులో కృష్ణా నది మీదుగా వచ్చే తేమను కంప్రెసర్ పీల్చి నొక్కితే ట్యాంకు అడుగున గ్లాసుడు నీళ్లు చేరతాయి, రోజూ కింది మర విప్పి వాటిని వదలాలి. తేమను పట్టే ఫిల్టరును చాలామంది కంప్రెసర్‌కు ఆనించి బిగిస్తారు. అక్కడ గాలి ఇంకా వేడిగా, నీరు ఆవిరిగానే ఉంటుంది కాబట్టి ఫిల్టరు దాన్ని పట్టలేదు. ఏడెనిమిది మీటర్ల గొట్టం దాటి గాలి చల్లబడిన తర్వాత ఫిల్టరు బిగించాక నాకు నీటి చుక్కల మచ్చలు ఆగిపోయాయి. వానాకాలంలో నైట్రోసెల్యులోజ్ లక్కర్ తెల్లగా పాలిపోవడం మాత్రం వేరే సంగతి: థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిస్తే గాలిలోని తేమ దాని మీద మంచులా పడుతుంది. నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను ఆ చోట పలుచగా చల్లితే తెలుపు చాలావరకు పోతుంది. వాన కురుస్తున్న రోజు పాలిష్ పని పెట్టుకోకపోవడం అంతకన్నా మేలు.

పాలిష్ చిక్కదనాన్ని కంటితో అంచనా వేయడం మానేసి, ఫోర్డ్ కప్ బీ4 అనే చిల్లు గిన్నె కొన్నాను. చెక్క రంధ్రాలు మూసే సీలర్, లక్కర్లు అందులోనుంచి 20 సెకన్ల చుట్టూ కారిపోయేలా కలిపితే నా గన్‌కు సరిపోతోంది. వడపోయకుండా ఏదీ కప్పులో పోయను.

రెండు డబ్బాల్లోనివి కలిపి వాడే పాలీయురిథేన్ పూతను నేను గన్‌తో చల్లను. దాన్ని గట్టిపరిచే హార్డనర్‌లోని ఐసోసయనేట్ అనే రసాయనం తుంపరగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఉబ్బసం తెప్పించగలదు, ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కాస్త తగిలినా చాలు. బయటి గాలిని గొట్టంతో అందించే మాస్కు నాకు లేదు. ఆ మెరుపు కావాలన్నవారికి బజారులోని పాలిష్ మేస్త్రిని చూపిస్తాను. నా సొంత పనులకు రెండేళ్లుగా నీటితో కలిసే పాలీయురిథేన్ వాడుతున్నాను. మొదటి కోటుకు చెక్క పీచు లేస్తుంది, 320 నంబరు కాగితంతో తేలిగ్గా రుద్దితే అణిగిపోతుంది. టేకుకు లక్కర్ ఇచ్చే వెచ్చని రంగు ఇది ఇవ్వదన్న అసంతృప్తి నాకు ఉంది. అందుకే ముందు లక్క పాలిష్ ఒక కోటు గుడ్డతో పూసి, అది ఆరాక దీన్ని చల్లుతున్నాను. పని ముగియగానే గన్‌ను నీళ్లతో కడగవచ్చు, కానీ నీళ్లు అందులో నిలిస్తే సూది తుప్పు పడుతుంది కనుక చివర్లో కొద్దిగా స్పిరిట్ చల్లి, సూదిని బయటికి తీసి గుడ్డలో చుట్టి పెడుతున్నాను.