మధుమేహం అంచున ఉన్నవారికి ఏది మేలు: మాత్రా, జీవనశైలి మార్పా?

"హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది డాక్టర్ గారూ. మాత్ర మొదలుపెట్టేద్దామా, తిండీ నడకా చూసుకుంటే చాలా?" వారానికి ఇద్దరు ముగ్గురైనా ఈ మాటే అడుగుతున్నారు. హెచ్‌బీఏ1సీ అంటే గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష; 6.1 శాతం అంటే మధుమేహం అంచున ఉన్నట్టు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినది 2002లో ఫలితాలు వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనం. అందులో 3,234 మంది పాల్గొన్నారు. సగటున 2.8 ఏళ్లు గమనిస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికంటే జీవనశైలి మార్చుకున్నవారిలో మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. రోజుకు రెండుసార్లు 850 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ అనే చక్కెర మాత్ర వేసుకున్నవారిలో 31 శాతం తగ్గింది. అంతకు ముందు ఏడాది ఫిన్లాండ్ అధ్యయనంలోనూ జీవనశైలి మార్పుకు వచ్చిన ఫలితం 58 శాతమే.

ఇంకేం, తేలిపోయింది కదా అనిపిస్తుంది. కానీ ఆ 58 ఎలా వచ్చిందో చూడాలి. 7 శాతం బరువు తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి అని లక్ష్యం పెట్టి వదిలేయలేదు. ఆరు నెలల్లో 16 సార్లు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడారు, ఆ తర్వాత కూడా పట్టించుకుంటూనే ఉన్నారు. నా దృష్టిలో అసలు మందు అదే. చీటీ చివర "నడవాలి, తీపి తగ్గించాలి" అని రాసి పంపడం ఆ వైద్యం కాదు. చాలా ఏళ్లు నేనూ అలాగే రాశాను. మూడు నెలలకు వచ్చి తూకం ఎక్కితే ముల్లు అక్కడే ఉండేది. ఆ తప్పు వచ్చిన మనిషిది కాదు, మళ్లీ పిలవని నాది.

మెట్‌ఫార్మిన్‌ను తీసిపారేయకూడదు. బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచీ) 35 దాటినవారికి, వయసులో చిన్నవారికి అది బాగా పనిచేసింది. గర్భిణిగా ఉన్నప్పుడు మధుమేహం వచ్చిన స్త్రీలలో మాత్ర, జీవనశైలి మార్పు రెండూ ముప్పును దాదాపు సగానికి తగ్గించాయి. వీరికి మూత్రపిండాల పరీక్ష చూసుకుని మాత్ర రాయడానికి నేను వెనకాడను. దీర్ఘకాలం వాడితే బీ12 విటమిన్ తగ్గవచ్చు కాబట్టి అదీ చూస్తుండాలి. 60 దాటినవారిలో మాత్రం ఈ మాత్రతో పెద్దగా లాభం కనిపించలేదు. అదే వయసువారిలో జీవనశైలి మార్పు 71 శాతం తగ్గించింది.

రెండూ కలిపితే ఇంకా మేలు కదా అంటారు. 2006 నాటి భారతీయ అధ్యయనంలో, తక్కువ మోతాదు మెట్‌ఫార్మిన్‌ను జీవనశైలి మార్పుకు జోడించినా అదనపు లాభం రాలేదు. ఇక మధుమేహానికి వాడే వేరే మాత్రలు చూస్తే, అకార్బోజ్‌తో కడుపు ఉబ్బరం, పియోగ్లిటజోన్‌తో బరువు పెరగడం, నీరు పట్టడం. నివారణకు వీటిని నేను రాయను.

6.1తో వచ్చిన ఆయనకు 63 ఏళ్లు, 80 కిలోలు, బీఎంఐ 27. మాత్ర రాయలేదు. చీటీ మీద, 7 శాతం తగ్గితే వచ్చే బరువు "74.4 కిలోలు" అని పెద్దగా రాసి, రెండు వారాల తర్వాతి తేదీ వేశాను. ఆ రోజు రాకపోతే మా నర్సు ఫోను చేస్తుంది.