కైఫీయత్తుల దారిలో కలకత్తా: ఏషియాటిక్ సొసైటీ చూసి వచ్చాక

కలకత్తా వెళ్లే తెలుగువారిలో చాలామంది కాళీఘాట్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం, విక్టోరియా మెమోరియల్ చూసుకుని తిరుగు రైలెక్కుతారు. అందులోంచి ఒక పూట మిగుల్చుకుని పార్క్ స్ట్రీట్ మొదట్లో ఉన్న, ఆసియా చరిత్ర, భాషలు, ప్రకృతి గురించి పరిశోధించడానికి పుట్టిన పాత సంస్థ ఏషియాటిక్ సొసైటీకి వెళ్లండి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ ఊరూరా సేకరింపజేసిన స్థానిక చరిత్రలే కైఫీయత్తులు. వాటిలో తమ ఊరి చరిత్ర వెతుక్కున్నవారైతే విక్టోరియా మానుకునైనా వెళ్లాలి.

బస ఆ చుట్టుపక్కలే చూసుకోవడం మంచిది. సదర్ స్ట్రీట్‌లో చౌక గదులు దొరుకుతాయి. మేము మొదట దిగిన లాడ్జిలో గోడలు చెమ్మగిల్లి ఉన్నాయి, వేడినీళ్లు ఇస్తామన్న మాట మాటగానే మిగిలింది. కొంచెం ఎక్కువ పెట్టి పక్క వీధికి మారాక ప్రాణం కుదుటపడింది. ఆ సందుల్లో గది చూడకుండా డబ్బు కట్టవద్దు. హౌరా స్టేషన్‌లో టాక్సీ కోసం బేరాలాడే పని కూడా ఇప్పుడు లేదు. 2024లో హుగ్లీ నది అడుగు నుంచి మెట్రో వచ్చింది. ఎస్ప్లనేడ్‌లో మారితే మరుసటి స్టేషనే పార్క్ స్ట్రీట్. సామాను తక్కువగా ఉన్నవారికి ఇంతకన్నా సుఖమైన దారి లేదు.

కలకత్తాలోని అప్పటి బ్రిటిష్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం జోన్స్ చొరవతో 1784 జనవరి 15న ఈ సొసైటీ పుట్టింది. ఆసియా ఎల్లల లోపల మనిషి చేసినదీ ప్రకృతి పుట్టించినదీ ఏదైనా పరిశీలించాలన్నది ఆయన పెట్టుకున్న హద్దు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండాలని 1786లో ఆయన చెప్పింది ఈ సభలోనే. 1808 నాటికి సొంత భవనం లేచింది. ఆ పాత కట్టడం, దాని పక్కన తరువాత కట్టిన కొత్తది, రెండూ నేటికీ ఉన్నాయి. ఇది విహారస్థలం కాదు, చదువుకునేవారి చోటు. పనిదినాల్లో, గుర్తింపు కార్డు పట్టుకుని, ఏమి చూడాలనుకుంటున్నారో ముందే అనుకుని వెళ్లండి. మాకు ఎదురైన సిబ్బంది ఓపికగా దారి చూపారు.

లోపల నన్ను కదలనివ్వనిది అశోకుడి బైరాట్ శాసనం. రాజస్థాన్‌లో దొరికిన ఈ రాతి మీద ఆయన తనను మగధ రాజుగా చెప్పుకుని, భిక్షువులూ భిక్షుణులూ వినవలసిన బౌద్ధ గ్రంథాల పేర్లు చెక్కించాడు. ఒక చక్రవర్తి ఇచ్చిన పుస్తకాల జాబితా! బ్రాహ్మి అక్షరాలు ఇప్పటికీ కంటికి ఆనుతాయి. ఆ లిపిని 1837లో విప్పిన జేమ్స్ ప్రిన్సెప్ ఈ సొసైటీ కార్యదర్శే.

ఆ ప్రిన్సెప్ పేరు దగ్గరే మన కథ గుర్తుకొచ్చి మనసు కలుక్కుమంది. కాలిన్ మెకంజీకి కుడిభుజంగా నిలిచి శాసనాలు, తాళపత్రాలు, కైఫీయత్తులు సేకరించినవారు కావలి ఇంటిపేరున్న ఏలూరు సోదరులు. వారిలో బొర్రయ్య చిన్న వయసులోనే 1803లో పోయాడు. జైనుల గురించి అతను అనువదించిన వ్యాసం సొసైటీ సంచిక ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ తొమ్మిదో సంపుటంలో అచ్చయింది. అతని తమ్ముడు రామస్వామి దక్కను కవుల జీవితాలు ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలోనే ప్రచురించాడు. భారతీయులను సొసైటీ మొదటిసారి సభ్యులుగా చేర్చుకున్నదీ ఆ ఏడే. 1821లో మెకంజీ పోయాక, ఆగిన పని తాను కొనసాగిస్తానని మరో సోదరుడు లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు. సర్కారు సొసైటీ అభిప్రాయం అడిగింది. సహాయకుడిగా పనికివస్తాడేమో గాని, అంతటి బాధ్యతకు ఏ నేటివుడూ తగడని 1836లో ప్రిన్సెప్ తేల్చేశాడు. ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పోగుచేసిన మనిషికి దక్కిన జవాబు అది. బ్రాహ్మిని చదివిన ప్రిన్సెప్ మీద నాకు అపారమైన గౌరవం ఉంది, ఈ మాటను మాత్రం క్షమించలేను. సొసైటీకి ఒక భారతీయుడు, రాజేంద్రలాల్ మిత్రా, అధ్యక్షుడు కావడానికి 1885 దాకా పట్టింది.

అక్కడి నుంచి ఇండియన్ మ్యూజియం నాలుగు అడుగులు. 1814లో అది సొసైటీ ప్రదర్శనశాలగానే మొదలైంది. సోమవారం సెలవు. భర్హుత్ బౌద్ధ స్తూపం శిల్పాలున్న గదికే ఒక గంట కావాలి. అమరావతి ఫలకాలు కూడా అడిగి మరీ చూడండి. జీవరాశుల గదులు పిల్లలు లేకపోతే వదిలేయవచ్చు.

జోన్స్ సమాధి ఉన్న సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటిక అదే రోడ్డు వెంట తూర్పుగా నడిచి వెళ్లగలిగినంత దూరం. 1794లో పోయిన ఆయన మీద సన్నగా, నిటారుగా ఎత్తయిన స్తంభం కట్టారు. కవి డెరోజియో సమాధీ ఇక్కడే ఉంది. చెట్ల నీడ బాగుంటుంది, వానాకాలంలో నేల జారుతుంది, దోమలూ ఎక్కువే. ఉదయం శ్మశానవాటిక, ఎండెక్కేలోగా సొసైటీ, మధ్యాహ్నం మ్యూజియం, ఈ వరుసలో పెట్టుకుంటే పెద్దవారికీ అలసట ఉండదు. సమయం చాలకపోతే వదులుకోవలసింది శ్మశానవాటికే గాని సొసైటీ కాదు.