రోజువారీ ఇంగ్లీష్ కోసం అంకి యాప్: ఫలితమంతా కార్డు రాయడంలోనే ఉంది

ఇంగ్లీష్ మాటలు నేర్పే యాప్‌లలో అంకి అంత చప్పగా కనిపించేది మరొకటి ఉండదు. బొమ్మలుండవు, పాయింట్లుండవు, శభాష్ అనే గొంతు ఉండదు. తెర మీద ఒక కార్డు, దాని వెనక జవాబు, కింద నాలుగు బటన్లు, అంతే. అయినా నేర్చుకున్న మాట ఆరు నెలల తర్వాత కూడా అవసరానికి నోటికి రావాలంటే దీనికే మొదటి ఓటు. ఒక్క షరతు ఉంది: కార్డులు ఎవరికి వారు రాసుకోవాలి. అది కూడా విడి పదాలుగా కాదు, నోటితో అనే మాటలుగా.

అంకి అంటే జపనీస్‌లో కంఠస్థం చేయడం అని అర్థం. డేమియన్ ఎల్మ్స్ దీన్ని 2006లో విడుదల చేశారు. కంప్యూటర్‌లో ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్లకు వాలంటీర్లు తయారుచేసిన అంకిడ్రాయిడ్ కూడా ఉచితమే. ఐఫోన్‌కి మాత్రం అంకిమొబైల్‌ని డబ్బు పెట్టి కొనాలి, ఒకసారి కొంటే చాలు. ఇదే పేరు తగిలించుకుని నెలనెలా చందా అడిగే వేరే యాప్‌లు కూడా ఉన్నాయి, దించుకునే ముందు ఒకసారి సరిచూసుకోండి.

పనిచేసే తీరు సులువే. కొత్త కార్డుకు జవాబు తెలిసి గుడ్ నొక్కితే 10 నిమిషాలకు మళ్లీ వస్తుంది. అప్పుడూ గుడ్ నొక్కితే మర్నాడు వస్తుంది. అక్కడి నుంచి ఎడం పెరుగుతూ పోతుంది: కొన్ని రోజులు, వారం, రెండు మూడు వారాలు, తర్వాత నెలలు. మర్చిపోతే అగైన్ నొక్కాలి, కార్డు మళ్లీ మొదటికి వస్తుంది. మరుపు ముంచుకొచ్చే వేళకు సరిగ్గా గుర్తుచేయడమే దీని పని, ఆ పని బాగా చేస్తుంది.

ఎక్కువ మంది చతికిలపడేది మొదటి రోజే. వేరేవాళ్లు తయారుచేసి పెట్టిన 5000 పదాల డెక్‌ని, అంటే కార్డుల కట్టని, దించుకుంటారు. ముందు 'గెట్' అని ఉంటుంది, వెనక పొందు, చేరు, అర్థం చేసుకో, అగు అని నాలుగు అర్థాలుంటాయి. ఆ కార్డుకు ఏది సరైన జవాబో ఎవరికీ తెలియదు. పైగా ఇంగ్లీష్ చూసి తెలుగు చెప్పడం చదవడానికి పనికొస్తుంది కానీ మాట్లాడటానికి కాదు. మాట్లాడేటప్పుడు మనసులో ముందుగా ఉండేది తెలుగు మాట, అది అనాల్సిన సందర్భం. కాబట్టి కార్డు ముందు వైపు ఉండాల్సినవి కూడా అవే.

'పర్లేదు' అనే మాటనే తీసుకోండి. దీన్ని ఒక్క కార్డుగా రాస్తే ఎప్పటికీ కుదరదు, మూడు కార్డులు కావాలి. ఎవరో కాలు తొక్కి సారీ చెప్పారు, మీరు పర్లేదన్నారు: 'దట్స్ ఓకే'. ఇంకొంచెం టీ పోయమంటారా అని అడిగారు, వద్దనడానికి పర్లేదన్నారు: 'ఐయామ్ ఫైన్, థాంక్స్'. సినిమా ఎలా ఉందని అడిగారు, పర్లేదన్నారు: 'ఇట్ వాజ్ ఓకే'. తెలుగులో ఒకటే మాట, ఇంగ్లీష్‌లో మూడు. నిఘంటువు అర్థం పట్టుకుని వెళ్తే రెండో సందర్భంలో 'నో ప్రాబ్లం' అనేస్తారు, అవతలివాళ్లు సరేనన్నారేమో అనుకుని కప్పు నింపేస్తారు. ఫోన్ పెట్టేసే ముందు మనం అనే 'ఉంటానండి' కూడా ఇలాంటిదే. పదానికి పదం పెడితే 'ఐ విల్ బి' అవుతుంది, వినేవాళ్లు ఆ వాక్యం పూర్తయ్యే దాకా ఎదురుచూస్తారు. అక్కడ కావాల్సింది 'ఆల్‌రైట్, బై'. అలాగే వెళ్లేటప్పుడు 'వస్తాను' అంటాం, దాన్ని 'ఐ విల్ కమ్' అంటే వెళ్తున్నారని ఎవరికీ అర్థం కాదు.

అందుకే అంకి ఇచ్చే బేసిక్ కార్డు సరిపోదు. టూల్స్ మెనూలో మేనేజ్ నోట్ టైప్స్‌లోకి వెళ్లి, బేసిక్‌కి నకలు తీసుకుని, అయిదు గడులు పెట్టుకోండి: సందర్భం, తెలుగు మాట, ఇంగ్లీష్ మాట, ఆడియో, గమనిక. ముందు వైపు మొదటి రెండు, వెనక మిగతా మూడు. సందర్భం అయిదారు పదాలు దాటకూడదు. గమనికలో ఒక్క ముక్క చాలు, 'స్నేహితులతోనే' అనో, 'ఆఫీసు మెయిల్లో వద్దు' అనో. ఒక్కో కార్డు రాయడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ సమయం వృథా కాదు, సగం గుర్తుండిపోయేది రాస్తున్నప్పుడే.

తెలుగువాళ్లు ప్రత్యేకంగా కార్డులు రాసుకోవాల్సింది మర్యాద విషయంలో. మన మర్యాదంతా క్రియ చివర 'అండి'లో ఉంటుంది. 'ఆ పెన్ను ఇవ్వండి' అంటే చక్కగా మర్యాదగానే ఉంది. దాన్ని 'గివ్ దట్ పెన్' అన్నామా, 'అండి' రాలిపోయి హుకుం మిగులుతుంది. 'ప్లీజ్' తగిలించినా పూర్తిగా పోదు. ఇంగ్లీష్‌లో ఆ మర్యాద వాక్యం మొదట్లో, ప్రశ్న రూపంలో ఉంటుంది: 'కుడ్ యు పాస్ మి దట్ పెన్?', 'వుడ్ యు మైండ్ వెయిటింగ్ ఎ మినిట్?' ఈ రెండో దానికి జవాబు కూడా కార్డుగా కావాలి, ఎందుకంటే సరే అనాలంటే అక్కడ 'నాట్ ఎట్ ఆల్' అనాలి. అలవాటు కొద్దీ 'ఎస్' అంటే నాకు అభ్యంతరం ఉందని అర్థం వస్తుంది. 'కుడ్ యు', 'వుడ్ యు మైండ్', 'కెన్ ఐ', 'ఈజ్ ఇట్ ఓకే ఇఫ్' అనే నాలుగు మొదళ్ల మీద పది పదేసి కార్డులు రాసుకుంటే రోజువారీ అవసరాలు చాలా వరకు తీరతాయి.

చిన్న మాటల తప్పులకు క్లోజ్ కార్డులు, అంటే ఖాళీ పూరించే కార్డులు, బాగా పనికొస్తాయి. వాక్యంలో ఒక ముక్కను ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, సి కలిపి నొక్కితే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. 'షి ఈజ్ మ్యారీడ్ ___ ఎ డాక్టర్' అన్నచోట 'టు' రావాలి, 'విత్' కాదు. 'గుడ్ ___ మ్యాథ్స్' అన్నచోట 'ఎట్'. 'డిస్కస్' తర్వాత 'అబౌట్' రాకూడదు, దీన్ని ఖాళీతో నేర్పలేం, 'వి డిస్కస్‌డ్ ది ప్లాన్' అని వాక్యం మొత్తాన్నే మామూలు కార్డుగా రాయాలి. ఒక జాగ్రత్త: 'బారో', 'లెండ్' లాంటి జంటల్ని ఒకే రోజు వేయకండి. రెండూ ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. ఒకటి కుదురుకున్నాక, రెండు వారాలు ఆగి రెండోది వేయండి. ఏదైనా కార్డు 8 సార్లు మర్చిపోతే అంకి దానికి లీచ్ అని గుర్తు పెడుతుంది. అలాంటిది కనిపిస్తే బట్టీ పట్టకండి, సందర్భం మార్చి తిరగరాయండి. తప్పు సాధారణంగా కార్డులోనే ఉంటుంది.

ఉచ్చారణ దగ్గర అంకి సగమే సాయం చేస్తుంది. కార్డు చదివి వినిపించే ఏర్పాటు టెంప్లేట్‌లో, అంటే కార్డు నమూనాలో, ఉంది, గొంతు ఫోన్‌దో కంప్యూటర్‌దో వస్తుంది. విడి పదాలకు బాగానే ఉంటుంది, వాక్యం ఎత్తుపల్లాలకు అంతంతమాత్రమే. కంప్యూటర్‌లో షిఫ్ట్‌తో వి నొక్కితే మీ గొంతు రికార్డవుతుంది. ఆర్ నొక్కి అసలుది, వి నొక్కి మీది వెంటవెంటనే వినండి. మనం పదం చివర అచ్చు చేర్చడం, 'వెన్స్‌డే'ని 'వెడ్నెస్ డే' అనడం అప్పుడు స్పష్టంగా వినిపిస్తాయి. జవాబు ఎప్పుడూ పైకి అనాలి. మనసులో అనుకుని గుడ్ నొక్కితే నోటికి అలవాటు కాదు.

సెట్టింగ్స్‌లో మార్చాల్సినవి మూడే. రోజుకు కొత్త కార్డులు మొదట్లో 20 అని ఉంటుంది, దాన్ని 6కి తగ్గించండి. కొత్తవి ఎన్ని వేస్తే కొన్ని వారాలకు రోజువారీ పునశ్చరణ అటూ ఇటూగా దానికి పది రెట్లు అవుతుంది. 20 వేస్తే 200 కార్డుల దాకా పోతుంది, పైకి అంటూ చేసేవాళ్లకు అది భరించరానిది. 6 వేస్తే రోజుకు పావుగంట. రెండోది, 2023లో వచ్చిన 23.10 వెర్షన్ నుంచి ఉన్న ఎఫ్ఎస్ఆర్ఎస్ ఆన్ చేయండి, అది మీ మరుపు తీరు చూసి ఎడం లెక్కకడుతుంది. గుర్తుండాల్సిన శాతం 90 దగ్గరే ఉంచండి, 95కి పెంచితే శ్రమ విపరీతంగా పెరుగుతుంది. మూడోది, కార్డు టెంప్లేట్‌లోని స్టైలింగ్‌లో అక్షరాల సైజు 20 నుంచి 28కి మార్చండి, లేకపోతే తెలుగు ఒత్తులు కనబడవు. ఇవి కాక ఒక అలవాటు: మర్చిపోయినప్పుడు మొహమాటపడి హార్డ్ నొక్కకండి. అంకి దృష్టిలో హార్డ్ అంటే గుర్తొచ్చినట్టే, దాంతో లెక్కంతా తప్పుతుంది.

లోపాలూ ఉన్నాయి. జవాబు టైప్ చేసే కార్డులో యంత్రం అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది, 'ఐ యామ్' బదులు కుదించి 'ఐమ్' అని రాసినా ఎరుపు చూపిస్తుంది. దాన్ని స్పెల్లింగ్‌కే వాడండి. ఫోన్‌నీ కంప్యూటర్‌నీ మొదటిసారి కలిపేటప్పుడు అప్‌లోడా, డౌన్‌లోడా అని అడుగుతుంది. కార్డులు తక్కువున్న వైపు నుంచి అప్‌లోడ్ నొక్కితే అంకివెబ్‌లో, అంటే అంకి ఆన్‌లైన్ ఖాతాలో, ఉన్నవి పోతాయి, కాబట్టి ముందు ఒక కాపీని ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. వేగంగా మాట్లాడేది విని అర్థం చేసుకోవడం దీనితో రాదు, దానికి వేరే సాధన కావాలి.

నాలుగు రోజులు మానేసి తెరిస్తే కార్డులు గుట్టగా కనిపిస్తాయి, చాలామంది యాప్ తీసేసేది అప్పుడే. కొత్త కార్డుల్ని సున్నా చేసి, రోజుకు 60 పునశ్చరణలకు హద్దు పెట్టండి. గుట్ట మెల్లగా కరిగిపోతుంది. అప్పుడు కొత్తవి 3 నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు.