ఆయుర్వేద సంస్కరణ: శుద్ధమా, మిశ్రమమా, సారం తీయడమా?

ఆయుర్వేదాన్ని ఎలా సంస్కరించాలన్నది పాత చర్చ. ఒక దారి ఆచంట లక్ష్మీపతి గారిది. ఆయన మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదివి డాక్టరయ్యారు. ఆ తర్వాత పండిత దీవి గోపాలాచార్యుల దగ్గర శిష్యుడిగా చేరి ఆయుర్వేదం నేర్చుకున్నారు. లక్ష్మీపతి గారు నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే, అమెరికా వెళ్లకముందు, యల్లాప్రగడ సుబ్బారావు శరీర నిర్మాణ శాస్త్రం పాఠాలు చెప్పారు. చరకం చదివే పిల్లలకు ఎల్.ఎం.ఎస్. (అప్పటి ఇంగ్లీషు వైద్య పట్టా) డాక్టరు ఎముకల గురించి చెప్పడమన్నమాట. ఇదే మిశ్రమ మార్గం. దేశీయ వైద్యాల్ని పరిశీలించడానికి 1921లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఉస్మాన్ కమిటీకి కార్యదర్శిగా ఉన్న కెప్టెన్ శ్రీనివాసమూర్తిదీ ఇదే దారి. తర్వాత వచ్చిన ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాలకు ఆయనే మొదటి ప్రిన్సిపాల్.

ఆయుర్వేదంలో బయటిదేదీ కలపకూడదనే శుద్ధవాదులకు ఇది నచ్చలేదు. త్రిదోషాల (వాత, పిత్త, కఫాల) పక్కన సూక్ష్మజీవుల్ని కూర్చోబెడితే చివరికి త్రిదోషాలే లేచి వెళ్లిపోతాయన్నది వాళ్ల భయం. ఆ భయం పూర్తిగా తప్పని నేను అనలేను. మిశ్రమ చదువు చదివిన కుర్రాళ్లు పూర్తి డాక్టర్లూ కాలేదు, పూర్తి వైద్యులూ కాలేదు. ఆ దేశీయ వైద్య పాఠశాల ఉన్న మద్రాసు కీల్పాక్‌లోనే 1960లో అల్లోపతి మెడికల్ కాలేజీ వెలిసింది.

అలాగని శుద్ధవాదానికి ఓటు వేయలేను. గ్రంథంలో ఉన్నదంతా సంపూర్ణమే అనుకుంటే, తప్పు దిద్దేదెవరు? శవాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు నాననిచ్చి, పొరపొరగా గీకి కళ్లారా చూడమన్నది సుశ్రుతుడే. చూసి తెలుసుకోమన్నవాడి పేరు చెప్పి చూడటం మానేస్తే ఎలా?

మూడో దారి కలకత్తాలో కర్నల్ రామనాథ్ చోప్రాది: మూలికను లేబొరేటరీకి తెచ్చి, పనిచేసే పదార్థాన్ని వేరుచేయడం. దీనికి సర్పగంధ కథను మించిన ఉదాహరణ లేదు. రక్తపోటుకూ ఉన్మాదానికీ ఈ వేరు పనిచేస్తోందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. సేన్ ఆయుర్వేద పండితుడు కూడా. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం వకీల్ తన బీపీ రోగుల ఫలితాల్ని బ్రిటిష్ పత్రికలో ప్రచురించాక ప్రపంచం తల తిప్పింది. 1952లో స్విట్జర్లాండ్‌లో సీబా మందుల కంపెనీవాళ్లు దాన్నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. మోతాదు మిల్లీగ్రాముల్లో తేలింది, దిగులు రోగం తెస్తుందన్న దుష్ఫలితమూ బయటపడింది. వేరు పొడిగానే ఉండిపోయి ఉంటే ఈ రెండూ ఇంత స్పష్టంగా తెలిసేవి కావు.

కానీ ఒక్క మూలికకు నప్పిన పద్ధతి పది మూలికలు కలిసిన కషాయానికి నప్పదు. ఏ ఒక్కదాన్ని విడదీసినా అది ఆ మందు కాదు. పైగా సారం తీశాక అది ఫార్మసీ సొత్తు, వైద్యుడికి మిగిలేదేమీ ఉండదు.

అందుకే నా మొగ్గు నాలుగో దారికి: వైద్యాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, ఫలితాన్ని మాత్రం గట్టిగా తూచడం. భగందరానికి (మలద్వారం దగ్గర వచ్చే ఫిస్టులాకి) వాడే క్షారసూత్రం చూడండి. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పట్టించిన దారం అది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చాలా ఆస్పత్రుల్లో దీన్ని ఆపరేషన్‌తో పోల్చి 1991లో ఫలితాలు ప్రకటించింది. దారంతో మానడానికి సుమారు 8 వారాలు, ఆపరేషన్‌తో 4. తిరగబెట్టింది మాత్రం దారం కట్టినవాళ్లలో 4 శాతం, ఆపరేషన్ అయినవాళ్లలో 11 శాతం. త్రిదోషాల్ని నమ్మేవాడికీ నమ్మనివాడికీ ఈ అంకెలు ఒకటే. సెలవు దొరకని ఉద్యోగి ఆపరేషన్ కోరుకోవచ్చు, మళ్లీ వస్తుందని టెన్షన్ పడేవాడు దారం కట్టించుకోవచ్చు.

కషాయాలూ గుళికలూ కలిపి ఇచ్చే చికిత్సనూ ఇలా తూచవచ్చు. కోయంబత్తూరులో 43 మంది కీళ్లవాతం రోగులపై ఆయుర్వేదాన్ని ఆ రోగానికి అల్లోపతిలో వాడే మెథోట్రెక్సేట్‌తో పోల్చారు. ఎవరు ఏ మందు తింటున్నారో రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టరుకూ తెలియదు. 2011లో వచ్చిన ఫలితం రెండూ దాదాపు సమానమే అంది. 43 మంది చాలా తక్కువ, దాన్ని పట్టుకుని జెండా ఎగరేయకూడదు. అయినా రుచీ వాసనా దాచలేని మందుల్ని ఇలా పరీక్షించడం కుదరదనే సాకు మాత్రం పోయింది.

లోహాల్ని కాల్చి చేసే భస్మాలకు ఈ తూకం మరీ అవసరం. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14లో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికింది. భస్మం సరిగా శుద్ధి అయిందా లేదా అన్నది శుద్ధవాది శ్లోకం చదివి చెప్పలేడు, ప్రతి బ్యాచీ లేబొరేటరీకి వెళ్లాల్సిందే.