స్ట్రీట్ ఫైటర్ 6: మూలకు నెట్టి విసిరితే తొండి అనాలా?

బొమ్మలు ఎలా ఉన్నాయి, పాత్రలు ఎంతమంది, ఏ మెషీన్ మీద ఎంత సాఫీగా నడుస్తుంది అన్నవి 2023 జూన్ నుంచి అందరూ రాసేశారు. అవి మళ్లీ ఎందుకు? ఇద్దరు ఎదురెదురుగా కొట్టుకునే ఈ వీడియో గేమ్‌ను చాలాకాలంగా ఆడుతున్నాక దాని మీద నాకు మిగిలిన కోపం ఒక్కటే. తమాషా ఏమిటంటే ఇష్టం కూడా చాలావరకు దాని చుట్టూనే తిరుగుతుంది. అది కార్నర్ త్రో.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మీరు తెర అంచుకు, అంటే మూలకు (కార్నర్) చేరాక అవతలివాడు మిమ్మల్ని పట్టుకుని నేలకేసి కొడతాడు, అదే త్రో. మీరు లేచేలోపు ముందుకు ఒక డాష్ (చురుకైన అడుగు) వేసి మీ పక్కనే ఉంటాడు. మళ్లీ పట్టుకుంటాడు, మళ్లీ డాష్, మళ్లీ త్రో. చాలా పాత్రలకు ప్రాణం 10000, మామూలు త్రో దెబ్బ 1200. అంటే నిండు ప్రాణంతో ఉన్నవాణ్ని తొమ్మిది త్రోలతో, ఇంకే దెబ్బా వేయకుండా పడగొట్టేయొచ్చు. కెన్, కామీ లాంటి పాత్రలకు ఇది దాదాపు ఉచితం. విసిరాక అవతలివాడు దూరంగా పడే పాత్రలైతే డ్రైవ్ రష్ అనే మెరుపు పరుగు కోసం డ్రైవ్ గేజ్ (తెర మీది శక్తి పట్టీ) ఖర్చు పెట్టాలి, లేకపోతే ఊరుకోవాలి.

ర్యాంక్డ్‌లో (ఆన్‌లైన్‌లో పాయింట్ల కోసం ఆడే చోట) దీన్ని తిన్నవాడి నోట మొదట వచ్చే మాట ‘తొండి’. మన వీడియో గేమ్ షాపుల్లో నిలబడి ఆడినవాళ్లకు ఈ తగాదా కొత్త కాదు. స్ట్రీట్ ఫైటర్ 2 రోజుల్లో త్రో నుంచి విడిపించుకునే దారే ఉండేది కాదు. ఒక చిన్న దెబ్బ బ్లాక్ చేయించి వెంటనే పట్టుకుంటే జపాన్ ఆర్కేడ్లలోనే కొట్లాటలయ్యేవి. దాన్ని అక్కడ ‘అటెనాగె’ అనేవారు, చేసినవాణ్ని చులకనగా చూసేవారు. 1994లో వచ్చిన సూపర్ టర్బోలో సరైన సమయానికి నొక్కితే త్రో దెబ్బ తగ్గే ఏర్పాటు పెట్టారు. ఆ తర్వాత ప్రతి ఆటలోనూ త్రోను తప్పించుకునే దారి ఏదో ఒకటి ఉంది.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఆట ఒప్పుకున్నది ఏదైనా ఆటే. గెలవడానికి ఆడేవాడు ‘ఇది మర్యాదేనా’ అని అడగడు, ‘దీనికి జవాబు ఉందా’ అని అడుగుతాడు. జవాబే లేకపోతే నిషేధించే పని పోటీ నడిపేవాళ్లది. సూపర్ టర్బోలో అకుమా అనే పాత్రకు అదే జరిగింది. గాల్లోంచి వేసే ఫైర్‌బాల్‌కు మిగతా పాత్రల దగ్గర మందు లేకపోవడంతో అమెరికా పోటీల్లో నిషేధించారు. జపాన్‌లో రూలేమీ రాయకుండానే ఎంచుకోవడం మానేశారు. ఈ ఆటలోనూ 2024 మే నుంచి అకుమా ఉన్నాడు, కానీ ప్రాణం 9000 మాత్రమే, కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. త్రో లూప్ (ఈ త్రో, డాష్, త్రో వరస) అకుమా లాంటి సమస్య కాదు. జవాబు ఉంది. నా కోపమల్లా ఆ జవాబు మీదే.

లేచేటప్పుడు మీ ముందున్న దారులు ఇవి. త్రోను టెక్ చేయొచ్చు, అంటే మీరూ అదే సమయానికి త్రో నొక్కి విడిపించుకోవడం. అవతలివాడు దీన్ని ముందే పసిగట్టి ఒక అడుగు వెనక్కి వేస్తే మీ త్రో గాలిని పట్టుకుంటుంది. అదే షిమ్మీ. అక్కడి నుంచి పనిష్ కౌంటర్ (తప్పిన ఎత్తుకు పడే అదనపు శిక్ష), దాని వెనక పూర్తి కాంబో (వరస దెబ్బలు), మూడు నాలుగు వేల దెబ్బ. బ్లాక్ చేస్తూ కూర్చుంటే దెబ్బలు ఆగుతాయి, షిమ్మీ వృథా అవుతుంది, కానీ త్రో పడుతుంది. ఎగిరితే త్రో తగలదు, సరిగ్గా లేచే క్షణానికి వేసిన పంచ్ మాత్రం తగులుతుంది. ప్యారీ (ఎదుటి దెబ్బలను పీల్చుకునే కాపుదల) కూడా ప్రమాదమే: ప్యారీ పట్టుకుని ఉండగా త్రో పడితే అది పనిష్ కౌంటర్ లెక్కలోకి వెళ్లి 1200 కాస్తా 2040 అవుతుంది. ఓవర్‌డ్రైవ్ అప్పర్‌కట్ (గేజ్ ఖర్చుతో వేసే బలమైన పైదెబ్బ) త్రోనూ పంచ్‌నూ రెండింటినీ కొడుతుంది. దానికి డ్రైవ్ గేజ్‌లో ఆరింట రెండు గడులు పోతాయి, అవతలివాడు బ్లాక్ చేస్తే ఆ రౌండ్ మీద ఆశ వదులుకోవచ్చు. 2024 మేలోనే లేస్తూ డ్రైవ్ రివర్సల్ (అవతలివాణ్ని నెట్టేసే ఎదురుదెబ్బ) వేసే వీలు కూడా ఇచ్చారు, దానికీ రెండు గడులే.

త్రో తగలడానికి పట్టేది 5 ఫ్రేములు (సెకనుకు వచ్చే 60 బొమ్మల్లో ఐదు), అంటే సెకనులో పన్నెండో వంతు. చూసి నొక్కడం మనిషి వల్ల కాదు. ఊహించాల్సిందే.

ఊహకూ ఒక లెక్క ఉంది, గెలవాలనుకునేవాడు ఆ లెక్క వేసుకుంటాడు. త్రో తింటే 1200 పోతుంది, టెక్ నొక్కి షిమ్మీకి దొరికితే సుమారు 3500 పోతుంది అనుకోండి. దాడి చేసేవాడు ఏది వేసినా లాభం ఒకేలా ఉండాలంటే మీరు టెక్ నొక్కాల్సింది నాలుగింట ఒక్కసారి మాత్రమే. 1200ను 4700తో భాగించి చూసుకోండి. మిగతా మూడుసార్లూ బ్లాక్ చేస్తూ కూర్చుని, పడితే త్రో తినాలి. త్రో తిన్నాక కూడా మీరు మూలలోనే ఉంటారు గనక దాని అసలు ఖరీదు 1200 కంటే ఎక్కువే, అందుకని టెక్ పాళ్లు కొంచెం పెంచొచ్చు. మొత్తానికి పెద్ద ఆటగాళ్లు రెండు మూడు త్రోలు వరసగా తిని కూడా కదలకుండా కూర్చోవడం చూసి బద్ధకం అనుకోకండి, వాళ్లు పాటించేది ఈ లెక్కే. ఇంత డబ్బు పోసి, ఇన్ని రంగుల గేజ్‌లు పెట్టి చేసిన ఆటలో కార్నర్‌లో ఉత్తమమైన ఎత్తు చేతులు ముడుచుకుని దెబ్బ తినడం కావడమే నా గొడవ. తొండి అని కాదు, విసుగు అని.

ఆ విసుగే ఇక్కడ అసలు ఆయుధం. రెండు త్రోలు పడ్డాక మూడోదానికి చెయ్యి ఊరుకోదు. ‘మళ్లీ అదే వేస్తాడు’ అని బొటనవేలు టెక్ మీదికి వెళ్తుంది. సరిగ్గా ఆ మూడోసారే షిమ్మీ పడుతుంది. గెలుపే ముఖ్యం అనుకుని ఆడేవాడు 2400 దెబ్బ కోసం రెండు త్రోలు వేయలేదు, మీ కోపాన్ని కొనడానికి వేశాడు.

ఇక మెచ్చుకోవాల్సింది ట్రైనింగ్ మోడ్. దీనంత పనికొచ్చేది ఫైటింగ్ గేమ్స్‌లో నేను వాడలేదు. డమ్మీ (సాధనకు నిలబెట్టే ప్రత్యర్థి బొమ్మ) చేయాల్సిన కదలికలు ముందే రికార్డ్ చేసుకోవడానికి ఎనిమిది స్లాట్లు ఇచ్చారు. తిట్టుకుంటూ ర్యాంక్డ్‌లో కూర్చునే బదులు ఇవి ఇలా నింపండి. డమ్మీగా కెన్‌ను పెట్టండి. దిక్కు నొక్కి పట్టుకుని రీసెట్ చేస్తే మీరు మూలలో మొదలవుతారు. మొదటి ఐదు స్లాట్లలో ఒకే వరుస: త్రో, డాష్, త్రో. ఆరో, ఏడో స్లాట్లలో త్రో, డాష్, అర అడుగు వెనక్కి, ఆగి మీడియం కిక్. ఎనిమిదో స్లాట్‌లో త్రో, డాష్, కూర్చుని మీడియం పంచ్. అన్నీ ఆన్ చేసి ప్లేబ్యాక్ పెడితే ఏది వస్తుందో మీకు తెలియదు. మొదటి త్రోను టెక్ చేయకండి, అది మిమ్మల్ని పడేయడానికే.

రికార్డింగ్‌లోనే చాలామందికి చెడుతుంది, అందుకని ముందు దాన్ని పరీక్షించండి. ఐదు త్రో స్లాట్లు ఆడిస్తూ లేచేటప్పుడు లైట్ పంచ్ గబగబా నొక్కండి. మీ 4 ఫ్రేముల పంచ్ కెన్‌కు తగిలిందంటే రెండో త్రో ఆలస్యంగా రికార్డ్ చేశారని అర్థం. మీరు ఇంకా నేల మీద ఉండగానే కెన్ గాలిని పట్టుకుంటే తొందరపడ్డారు. ఎనిమిదో స్లాట్‌కు పైకి నొక్కి పట్టుకోండి. ఎగరకముందే పంచ్ తగలాలి, గాల్లోకి లేచిపోయారంటే అది సరైన సమయానికి పడలేదు. కింద కనిపించే ఫ్రేమ్ మీటర్ కూడా చూడండి: ఆకుపచ్చ మొదలవడం, ఎరుపు తగిలే వేళ, నీలం కోలుకోవడం. కెన్ ఎరుపు గడి మీరు లేచి కదలగలిగే మొదటి గడికి ఎదురుగా రావాలి.

అది కుదిరాక సాధన చేయాల్సింది ఆలస్యపు టెక్. కూర్చుని బ్లాక్ పట్టుకుని, లేచిన వెంటనే కాకుండా ఒక్క క్షణం ఆగి త్రో నొక్కడం. ఈ ఆటలో పట్టుబడ్డాక కూడా కొన్ని ఫ్రేముల్లోపు నొక్కితే విడిపించుకోవచ్చు. కాబట్టి పంచ్ వస్తే బ్లాక్ అవుతుంది, త్రో వస్తే టెక్ అవుతుంది. ఎనిమిది స్లాట్లలో ఆరింటికి ఇదొక్కటే మందు. ఆరో, ఏడో స్లాట్లకు మాత్రం దొరికిపోతారు. అక్కడే పైన చెప్పిన నాలుగింట ఒకటి లెక్క పనికొస్తుంది. లైట్ పంచ్, లైట్ కిక్ కలిపి నొక్కే బదులు త్రోను భుజం బటన్ ఒకదానికి పెట్టుకోండి, సెట్టింగ్స్‌లో ఆ వీలుంది. రెండు వేళ్లు ఒకే ఫ్రేములో పడక టెక్ తప్పేవాళ్లు మీరనుకునేదాని కంటే ఎక్కువ.

ఇంత పొగిడాక ఒక మాట. డమ్మీకి జ్ఞాపకం ఉండదు, పగ ఉండదు. మూడో త్రో దగ్గర మీ చెయ్యి వణుకుతోందని దానికి తెలియదు. ఎనిమిది స్లాట్లకూ చక్కగా ఆడేవాళ్లు మనిషి ఎదురుపడగానే మళ్లీ మొదటికి వస్తారు. ట్రైనింగ్ మోడ్ చేతికి నేర్పగలిగినంత నేర్పుతుంది, అంతే. ఆన్‌లైన్ గురించి కూడా ఇదే సవరణ. రోల్‌బ్యాక్ (ఆన్‌లైన్ ఆలస్యాన్ని కప్పిపుచ్చే పద్ధతి) చాలా బాగుంది, నిజమే, కానీ అవతలివాడు వైఫై మీద ఉండి మధ్యమధ్యలో బొమ్మ గెంతుతుంటే ఆలస్యపు టెక్ సమయం ప్రతిసారీ మారిపోతుంది. ఎదుటివాడు కేబుల్ మీదున్నాడో వైఫై మీదున్నాడో ఆట ముందే చూపిస్తుంది. వైఫై వాడితో ఆటకు ఒప్పుకోకపోవడంలో నామోషీ ఏమీ లేదు.

గెలుపు మనస్తత్వం వికటించేది కూడా త్రో దగ్గర కాదు, పాయింట్ల దగ్గర. ర్యాంక్డ్‌లో రెండు గెలిస్తే సెట్, కానీ ఒక ఆట అయ్యాక ఎవరైనా వెళ్లిపోవచ్చు. ఒకటి గెలిచి రీమ్యాచ్ ఇవ్వకుండా జారుకునేవాళ్లు డైమండ్ అనే పై ర్యాంకులో కుప్పలు. రూల్ ఒప్పుకుంటుంది, కాబట్టి తొండి అనలేను. కానీ గెలవడానికి ఆడుతున్నా అనుకునేవాడు అలా చేస్తే తన జేబే కోసుకుంటున్నాడు. మొదటి ఆటలో చూపించిన షిమ్మీకి అవతలివాడు రెండో ఆటలో ఏం జవాబిస్తాడో అన్నదే కదా నేర్చుకోవాల్సింది. పోటీల్లో ఒక్క ఆటతో లేచిపోవడం కుదరదు. 2024లో కాప్‌కామ్ కప్ (ఆట తయారుచేసిన కంపెనీ నడిపే పెద్ద పోటీ) గెలిచిన తైవాన్ ఆటగాడు ఊమాకు పది లక్షల డాలర్లు వచ్చాయి. అంత డబ్బు ఎదురుగా ఉన్నప్పుడు కార్నర్ త్రో గురించి ఎవరూ మొహం ముడుచుకోరు, రెండో ఆట ఇవ్వనని కూడా అనరు. ఓడిపోతున్నప్పుడు కేబుల్ పీకేవాళ్ల సంగతి వేరు. అది ఆట బయటి పని, శిక్షా ఉంది.

మోడర్న్ కంట్రోల్స్ మీదా ఇలాంటి గొణుగుడే వినిపిస్తుంది. ఆ పద్ధతిలో ఒక్క బటన్‌తో స్పెషల్ (ప్రత్యేక దెబ్బ) వస్తుంది, బదులుగా దెబ్బ 20 శాతం తగ్గుతుంది, కొన్ని మామూలు దెబ్బలు అసలు ఉండవు. లేస్తూ అప్పర్‌కట్ వేయడానికి చెయ్యి తిరగనివాళ్లకు త్రో లూప్ నుంచి బయటపడే చవకైన మార్గం ఇదే. వాడుకోండి. ప్రతిసారీ అదే వేస్తే మాత్రం మీ ఎదురుగా ఉన్నవాడు బ్లాక్ పట్టుకుని నవ్వుకుంటాడు.

కొనాలా అంటే, మీ పరిస్థితిని బట్టి. ఇంట్లో మెషీన్‌కు నేరుగా ఇంటర్నెట్ కేబుల్ పెట్టే వీలుండి, రోజూ అరగంట ట్రైనింగ్ మోడ్‌లో ఒంటరిగా కూర్చునే ఓపిక ఉంటే, తగ్గింపులో మూల గేమ్ చాలు. అదనపు పాత్రలను తర్వాత చూసుకోవచ్చు. వైఫై తప్ప దిక్కులేని హాస్టల్ గదిలో ర్యాంక్డ్ ఆడదామని కొంటే కార్నర్‌లోనే కాలం గడుస్తుంది. ఇంట్లో అన్నదమ్ములు ఇద్దరు ఒకే సోఫా మీద ఆడుకోవడానికైతే కళ్లు మూసుకుని కొనొచ్చు, కాకపోతే మొదటి వారం కార్నర్ త్రో వద్దని ఒప్పందం చేసుకోండి. రెండో వారం ఒప్పందం తీసేసి ఆ ఎనిమిది స్లాట్లు నింపండి. చిన్నవాడు ముందు నింపితే పెద్దవాడు ఏమంటాడో ఊహించగలను.