ఆదోనిలో మిల్లు సామాన్ల అంగడి: ఐదుకు ఐదు

నేను ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) స్టోర్స్ చూస్తాను. బేరింగులు, బెల్టులు, రోలర్లకు తోలు వాషర్లు అన్నీ మూడేళ్లుగా ఊళ్లో ఒకే అంగడిలో తెస్తున్నాం. ధర తక్కువని కాదు, ఎక్కడైనా ఇంచుమించు అంతే. మా మిల్లులో ఫిట్టర్లు, స్టోర్స్, అకౌంట్స్ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేసింది ఈ అంగడాయనే.

అంతకుముందు మా పరిస్థితి చెప్తాను. నవంబరు నెల, పత్తి బండ్లు వరుసగా వస్తున్నాయి. కన్వేయర్ బేరింగు పట్టేసింది. ఫిట్టరు ఫోన్‌లో "30 షాఫ్టు బేరింగు" అన్నాడు. పర్చేజ్ ఆయన వేరేచోట 6206 నంబరు బేరింగు తెప్పించినాడు. షాఫ్టుకు సరిగ్గా ఎక్కింది, హౌసింగ్‌లో, అంటే బేరింగు కూర్చునే గూట్లో, వదులు. మాకు కావాల్సింది 6306. రెంటికీ లోపల 30 మిల్లీమీటర్లే; బయట మాత్రం దానికి 62, దీనికి 72. ఆ తేడాకు ఒక షిఫ్టంతా పోయింది. నా అరలో పాత అట్టపెట్టెలో 6306 ఒకటి ఉండనే ఉంది. నన్నెవరూ అడగలేదు. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

మర్నాడు స్టాకుకు ఇంకో రెండు తెద్దామని ఈ అంగడికి పోయినాను. ఆయన పాత బేరింగు మీద గ్రీజు తుడిచి, నంబరు చదివి, వెర్నియర్‌తో కొలిచి, "అన్నా, పొద్దున మీ ఫిట్టరు కూడా రెండు చెప్పిపోయినాడు. అవీ ఇవీ ఒకటేనా?" అన్నాడు. అమ్ముకునేవాడు నాలుగూ ఇచ్చి పంపొచ్చు కదా!

అప్పటినుంచి ఆయన నోట్‌బుక్‌లో మా మిల్లుకొక పేజీ ఉంది, ఏ మిషనుకు ఏ సైజో రాసుంటుంది. ఫిట్టరు, నేను, అకౌంటెంటు ఉన్న వాట్సాప్ గ్రూపులోనే ఆర్డరు తీసుకుంటాడు. "స్టాకు లేదు" అని నేను రాస్తేనే సరుకు కదులుతుంది. బిల్లు మీద ఆర్డరు నంబరు వేస్తాడు. ఇదివరకు ఎవరు చెప్పిన సరుకో తెలియక బిల్లులు నెలలకొద్దీ ఆగేవి, ఇప్పుడు వారంలో పాసవుతున్నాయి. జీఎస్టీ రిటర్న్ కూడా 11వ తేదీలోపే వేస్తాడు కాబట్టి 14కల్లా మా 2బీలో (కొన్న సరుకు మీద మాకు వచ్చే పన్ను క్రెడిట్ చూపే జీఎస్టీ పట్టిక) కనబడుతుంది. అకౌంటెంటుకు ఆ టెన్షన్ లేదు.

లోపాలు లేకపోలేదు. డిసెంబరులో తోలు వాషర్లు అయిపోతాయి, సెప్టెంబరులోనే చెప్పి పెట్టుకోవాలి. ఆదివారం తీయడు. సందు ఇరుకు, ట్రాలీ ఆటో లోపలికి పోదు.

మీరు పోయేటప్పుడు పాడైన బేరింగు పారేయకుండా పట్టుకుపోండి. నంబరు చెరిగిపోయినా కొలిచి చెప్తాడు.